అర్థాల కమిటీ

మా రాష్ట్రంలో చిన్న ఇంగ్లీషు పదాల కొరతను ఈ ఆర్థిక సంవత్సరంలోనే తీర్చేస్తామని మా క్రీడల కమిషనర్ చీఫ్ డాక్టర్ ఇంజనీర్ గాడ్స్‌పవర్ ఎబికెమె గారు ప్రకటించిన రోజున నేను ముందు వరసలోనే ఉన్నాను. మంచినీళ్ళ కొరత, కరెంటు కొరత, ఆసుపత్రిలో మందుల కొరత లాంటి చిల్లర కొరతల జోలికి పోకుండా, నేరుగా అసలు సమస్య మీదే చెయ్యి వేసిన నాయకుణ్ణి నా పత్రికా జీవితంలో అంతవరకూ చూడలేదు. ఆయన "ప్రోటోకాల్ అంతా పాటించినట్టే భావించండి" అని మొదలుపెట్టి, పాటించని ప్రోటోకాల్ మొత్తం వేదిక మీది పెద్దల్లో ఒక్కొక్కరి పేరూ చెబుతూ పాటించాక, విషయానికి వచ్చారు.

విషయం స్క్రాబుల్, అంటే గళ్ళ బోర్డు మీద అక్షరాల పలకలు పేర్చి ఇంగ్లీషు పదాలు కట్టే ఆట. ఇది మా నైజీరియాలో పిల్లలాట కాదు. దీనికి రాష్ట్ర జట్లున్నాయి, కోచ్‌లున్నారు, జాతీయ క్రీడోత్సవంలో పతకాలున్నాయి. అక్షరాల పలకల్లో క్యూ, జడ్, జే, ఎక్స్ చేతికొస్తే వేరే దేశాలవాళ్ళు తల పట్టుకుంటారట. మావాళ్ళు నవ్వుకుంటారు. వాటితో వచ్చే రెండక్షరాల పదాలూ మూడక్షరాల పదాలూ మావాళ్ళకి నిద్రలో లేపి అడిగినా వచ్చు. వాటి అర్థాలు మాత్రం రావు. ఆటకి వాటితో పనిలేదు. పదం జాబితాలో ఉందా లేదా, అంతే.

చీఫ్ గారికి ఇది నచ్చలేదు.

"అర్థం తెలియకుండా పదం వాడటమేమిటయ్యా? అది అవినీతి!" అని బల్ల గుద్దారు.

నేను లేచాను. "చీఫ్, క్యూ పక్కన ఐ పెడితే ఒక పదం ఉందిగా, దాని అర్థం ఏమిటండీ?"

ఆయన నన్ను జాలిగా చూశారు. "చూడవయ్యా బ్రూమె, దానికోసమే కదా కమిటీ వేస్తున్నాం! అన్నీ నేనే చెప్పేస్తే కమిటీ ఏం చేస్తుంది?"

హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. ఆ విధంగా అర్థాల కమిటీ పుట్టింది. అధ్యక్షుడు ప్రొఫెసర్ ఒమొనిగో. విశ్వవిద్యాలయంలో ఏ శాఖలో పనిచేశారో ఆయనకే సరిగ్గా గుర్తులేదు గానీ, చీఫ్ గారి పుట్టినరోజు వ్యాసాలన్నీ ఆయనవే.

వారం తిరిగేసరికి ఊళ్ళో గోడలన్నీ చదువుకున్నాయి. ప్రతి గోడ మీదా ఒక చిన్న పదం, కింద అర్థం, దానికింద పదం కన్నా చాలా పెద్దదిగా చీఫ్ గారి ముఖం. మా వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోయి ఆర్నెల్లయింది. దాని గోడ మీద కూడా ఒక పదం వేశారు. చీకట్లో కనబడదు గానీ, ఉంది.

అసలు బాంబు ఆ తర్వాత పేలింది. క్రీడోత్సవానికి వెళ్ళే జట్టులో నాలుగో కుర్చీకి తానే పోటీ చేస్తానన్నారు చీఫ్.

ఆ కుర్చీ ఉఫువోమాది. ఉఫువోమా ఉడువి మా వీధి పిల్లే. సెకండరీ స్కూల్లో లెక్కలు చెబుతుంది. రాష్ట్ర సెలక్షన్లలో అందర్నీ ఓడించింది. క్రితంసారి కూడా ఓడించింది, కానీ అప్పుడు ఆ కుర్చీలో ఎవరి తమ్ముడో వెళ్ళి కూర్చున్నాడు. ఈసారి క్రీడోత్సవం నుంచే జాతీయ జట్టును ఎంచుతారు. ఆ జట్టు ప్రపంచ పోటీకి వెళ్తుంది. పన్నెండో ఏట నుంచీ ఆ పిల్ల కోరుకున్నది అదొక్కటే. పెళ్ళి సంబంధాలు చూద్దామే అంటే కూడా, "ప్రపంచ పోటీ ఆడొచ్చాక నీ ఇష్టం అమ్మా" అని వాళ్ళమ్మ మామా టైటి నోరు మూయించేది.

"అంకుల్, సెలక్షన్ అయిపోయింది కదా! మళ్ళీ పోటీ ఏంటి?" అని నా మీద ఎగిరింది, నేనేదో కమిషనర్నయినట్టు.

"చీఫ్ గారు పారదర్శకత కోసం అంటున్నారమ్మా. టీవీలో లైవ్ కూడా వేస్తారట."

"ఆయనకి ఆట వచ్చా?"

"ఎందుకు రాదూ? నేర్చుకోవడం నిన్ననే మొదలుపెట్టారు."

టౌన్ హాల్లో పోటీ. మంత్రిత్వ శాఖ మొత్తం ఒకే రకం ఊదారంగు గుడ్డ కుట్టించుకుని వచ్చింది. దాని మీద క్యూలూ జడ్‌లూ అచ్చువేసి ఉన్నాయి. మా దగ్గర పెళ్ళికైనా చావుకైనా ఒకే గుడ్డ కట్టుకుని రావడం మర్యాద. ఇది రెండింటిలో ఏదో అప్పటికి ఎవరికీ తెలీదు. ముందు సోఫాలో గవర్నర్ గారి ప్రతినిధి, పక్కన పెద్దాచిన్నా అధికారులు. బోర్డు పక్కన రిఫరీ సోబెరే, ఆయన ల్యాప్‌టాప్. ల్యాప్‌టాప్ పక్కన, కాస్త ఎత్తుగా, అర్థాల కమిటీ.

ఆట నియమం చిన్నది. ఎదుటివాడు పెట్టిన పదం తప్పనిపిస్తే గడియారం ఆపి "ఛాలెంజ్" అనాలి. రిఫరీ ల్యాప్‌టాప్‌లో కొడతాడు. పచ్చరంగు వస్తే పదం ఉంటుంది, ఊరికే అనుమానించినవాడికి పాయింట్లు పోతాయి. ఎర్రరంగు వస్తే, పెట్టినవాడే తన చేత్తో పలకలు తీసేసుకోవాలి. ఎవరూ అడక్కపోతే మాత్రం ఎంత దొంగ పదమైనా బోర్డు మీద దొరలా కూర్చుంటుంది. ఈ నియమం పెట్టినవాడు మా రాష్ట్రానికి ఎప్పుడొచ్చి వెళ్ళాడా అని నాకు చాలాసార్లు అనుమానం వచ్చింది.

ఉఫువోమా మోకాలు వంచి చీఫ్‌కి దణ్ణం పెట్టి కూర్చుంది. మొదటి పదం వేసింది. జడ్, ఓ. రెండే అక్షరాలు.

చీఫ్ కళ్ళజోడు సర్దుకున్నారు. "ఇదేంటమ్మా?"

"పదం సార్."

"అర్థం?"

"తెలీదు సార్. చెల్లుతుంది."

సోబెరే ల్యాప్‌టాప్ కొట్టాడు. పచ్చగా వెలిగింది. ప్రొఫెసర్ ఒమొనిగో చెయ్యెత్తి ఆపారు. "పచ్చ అంటే పదం ఉందని మాత్రమే. ఎందుకు ఉందో చెప్పాలి కదా! అర్థం తెలియని పదాన్ని ఈ ప్రభుత్వం ప్రోత్సహించదు. తీసెయ్యమ్మా."

ఆమె సోబెరే వంక చూసింది. సోబెరే ల్యాప్‌టాప్ వంక చూశాడు. ల్యాప్‌టాప్ చూడ్డానికి ఇంకెవరూ లేక పచ్చగానే ఉండిపోయింది. ఆమె పలకలు తీసేసుకుంది.

చీఫ్ వంతు. చాలాసేపు ఆలోచించి, గడ్డం గోక్కుని, క్యూ, ఏ, జే పెట్టారు. "క్వాజ్" అని గట్టిగా చదివి కుర్చీలో వెనక్కి వాలారు. హాలు చప్పట్లతో మోగిపోయింది.

ఉఫువోమా గడియారం ఆపింది. "ఛాలెంజ్."

అబ్బో, ఆ సాహసం చూడాలి! పెద్దరికపు బిరుదుకి గుర్తుగా ఎర్రటోపీ పెట్టుకున్న చీఫ్‌ని, తండ్రి వయసున్న మనిషిని, నలుగురిలో పట్టుకుని ఛాలెంజ్ అనడమా? మామా టైటి చెంగుతో మొహం కప్పేసుకుంది. నా వెనకనున్న పెద్దావిడ "దీన్ని కన్నవాళ్ళు పెంచలేదా?" అని నాకు వినబడేట్టే గొణిగింది.

ల్యాప్‌టాప్ ఎర్రగా వెలిగింది.

"ఎరుపు అంటే కంప్యూటర్‌కి ఇంకా పరిచయం కాలేదని. పాపం, కంప్యూటర్‌ది తప్పేముంది?" అన్నారు ప్రొఫెసర్. "చీఫ్, అర్థం సెలవిస్తారా?"

"నేను పదం ఇచ్చాను. అర్థం ఇవ్వడం మీ శాఖ" అన్నారు చీఫ్.

ప్రొఫెసర్ కళ్ళు మూసుకున్నారు. "క్వాజ్," అన్నారు నెమ్మదిగా. "పెద్దమనిషి ఏట్లోకి దిగినప్పుడు నీళ్ళు మర్యాదగా పక్కకి తప్పుకోవడం."

గవర్నర్ గారి ప్రతినిధి కళ్ళు తుడుచుకున్నారు. పదం నిలిచింది. ఊరికే అనుమానించినందుకు ఉఫువోమాకి పాయింట్లు కోసేశారు.

అక్కడితో ఏడో అంశం వచ్చింది. మా సభల్లో ఏడో అంశమంటే భోజనం. మిగతా ఆరూ జరక్కపోయినా అది జరుగుతుంది. అందరూ జొల్లోఫ్ రైస్ మీద పడ్డారు. ఉఫువోమా మాత్రం హాలు వెనక జెనరేటర్ పక్కన నిలబడి ఫోన్‌లో ఏదో చదువుతోంది. కళ్ళలో నీళ్ళు.

"తినమ్మా."

"కూడు దిగుతుందా అంకుల్? ఇన్నేళ్ళుగా ఈ పదాలతో కాపురం చేశాను. ఒక్కదాన్నైనా నీ అర్థమేంటే అని అడిగిన పాపాన పోలేదు. ఇదిగో, ఇప్పుడు బట్టీపడుతున్నా. అర్థాలే కదా వాళ్ళకి కావాల్సింది? ఇస్తాను."

పాపం ఆ పిల్ల! అర్థం చెబితే ఒప్పుకుంటారని ఇంకా అనుకుంటోంది.

మళ్ళీ జడ్, ఓ పెట్టింది. "హిమాలయాల దగ్గర ఉండే పశువు సార్. ఆవుకీ యాక్‌కీ పుట్టింది."

ప్రొఫెసర్ కమిటీతో గుసగుసలాడారు. "మన రాష్ట్రంలో అలాంటి పశువు లేదమ్మా. తీసెయ్."

తర్వాత వంతుకి జడ్, ఏ, ఎక్స్. "ఇంటి కప్పుకి వేసే రాతి పలకలు కోసే పనిముట్టు సార్."

"మన ఇళ్ళకి జింక్ రేకులు కదమ్మా! చీఫ్ గారే పోయిన ఎన్నికల్లో పంచారు. మర్చిపోయావా? తీసెయ్."

ఆ తర్వాత ఎక్స్, యూ. "వియత్నాంలో చిల్లర నాణెం."

"విదేశీ ద్రవ్యమా!" ప్రొఫెసర్ అదిరిపడ్డారు. "అమ్మాయ్, దానికి కేంద్ర బ్యాంకు అనుమతి కావాలి. కెమెరాలున్నాయి, తొందరగా తీసెయ్."

చీఫ్ ఈలోగా "జ్వాప్", "ఉబుగ్", "ఫిం" అనే పదాలు పెట్టి, వాటికి ప్రొఫెసర్ నోట వరసగా వినయం, అభివృద్ధి, చేపల పులుసులో చివరి ముక్కను అతిథికి వదిలిపెట్టడం అనే అర్థాలు రాబట్టారు. చివరిదానికి నేనే స్వయంగా చప్పట్లు కొట్టాను. అంత మంచి అర్థానికి ఇంతకాలం పదం లేకపోవడం మనకే సిగ్గుచేటు.

ఉఫువోమా తన పలకల వంక చాలాసేపు చూసింది. ఆ పిల్ల బతుకులో ఎప్పుడూ తెలిసి దొంగ పదం పెట్టలేదు. అది నాకు తెలుసు. జడ్, ఈ, ఎక్స్, ఓ తీసి, ఒక్కొక్కటే, బోర్డు అంచున మూడింతలు పాయింట్లు వచ్చే ఎర్ర గడి మీదుగా పేర్చింది.

"జెక్సో" అంది.

"అర్థం?" ప్రొఫెసర్ అప్పటికే చెయ్యి పైకెత్తి ఉన్నారు, తీసెయ్యమనడానికి.

ఆమె లేచి నిలబడి, గవర్నర్ గారి ప్రతినిధి వైపు తిరిగి మోకాలు వంచింది. "జెక్సో అంటే, పదవీకాలం అయిపోయినా ప్రజల ప్రేమ మాత్రం అయిపోని నాయకుడు సార్."

గవర్నర్ గారి పదవీకాలం అయిపోవస్తోందని, మూడోసారి పోటీకి ఒప్పుకోని రాజ్యాంగం మీద ఆయనకి కోపం వచ్చిందని అందరికీ తెలుసు. ప్రతినిధి లేచి నిలబడ్డారు. ఆయన లేస్తే హాలు లేచింది. ప్రొఫెసర్ ఎత్తిన చెయ్యి ఎటు తిప్పాలో తెలియక ఊపారు, అదేదో జయజయధ్వానమన్నట్టు. ఇక చీఫ్ ఛాలెంజ్ అనగలరా? ఆయన అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాల్సి వచ్చింది. ఉంగరాలు తగిలి వేళ్ళు కందిపోయాయి.

ఆ తర్వాత ఆమె ఏం పెట్టినా దానికి జెక్సోతో చుట్టరికం ఉంది. ఒకటి జెక్సో నడక. ఒకటి జెక్సో దగ్గు. ఒకటి జెక్సో దగ్గినప్పుడు వచ్చే వాన. కమిటీ నోరెత్తితే ఒట్టు. ఉఫువోమా గెలిచింది.

మర్నాడు గవర్నర్ గారు ఆ పదాన్ని తన బిరుదుగా దయతో స్వీకరించారు. గోడల మీద పాత పదాలన్నీ చెరిపేసి జెక్సో అని రాశారు. ఉఫువోమాని చిన్న పదాల విషయంలో గవర్నర్ గారికి సీనియర్ ప్రత్యేక సహాయకురాలిగా వేశారు. మా గవర్నర్ గారికి అప్పటికే టమాటాల విషయంలో ఒకరు, నవ్వు విషయంలో ఒకరు ఉన్నారు. క్రీడోత్సవానికి మాత్రం చీఫే వెళ్తారన్నారు. ఆమె పేరు జట్టు కింద, రిజర్వ్ ఆటగాడి గడిలో వేశారు, ఆ గడి ఖాళీగా ఉంటే నిర్వాహకులు ఒప్పుకోరు కాబట్టి.

ఉఫువోమా ఏడుస్తూ వెళ్ళి చీఫ్‌నే అడిగింది. నేనూ వెంట ఉన్నాను.

"గెలిచింది నేను కదా సార్!"

చీఫ్ ప్రేమగా నవ్వారు. "పిచ్చిపిల్లా! పదాలు పుట్టించే మనిషివి నువ్వు. నిన్ను తీసుకెళ్ళి పదాలు తనిఖీ చేసేచోట కూర్చోబెడతామా?"

ఇంత లోతైన మాట నేను పత్రికలో మొదటి పేజీలో వేయించాను.

క్రీడోత్సవం పొరుగు రాష్ట్రంలో. మా స్క్రాబుల్ జట్టులో ఆటగాళ్ళు నలుగురు. వాళ్ళని చూసుకోవడానికి వెళ్ళిన అధికారులకి రెండు బస్సులు చాల్లేదు. అధికారులు హోటల్లో, ఆటగాళ్ళు ఒక బడిలో బెంచీల మీద. ఉఫువోమా అధికారి కూడా కాబట్టి ఆమెకి హోటల్ ఇచ్చారు. ఆమె వెళ్ళి బెంచీ మీదే పడుకుంది.

చీఫ్ మొదటి ఆట ఉత్తరాది జట్టులోని మాలం హబీబు మీద. ఆయన ఫార్మసిస్టు, సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. మా రాష్ట్ర టీవీ లైవ్ వేస్తోంది. అర్థాల కమిటీని మాత్రం నిర్వాహకులు తాడు అవతలే నిలబెట్టారు.

హబీబు క్యూ, ఐ పెట్టాడు.

"అర్థం?" అన్నారు చీఫ్.

"ఆడండి సార్, లేదా ఛాలెంజ్ చేయండి," అంది రిఫరీ. ఆవిడెవరో మరీ మొండిమనిషి. అర్థం మాటే ఎత్తదు.

చీఫ్ ఛాలెంజ్ చేశారు. పచ్చ. చీఫ్ పాయింట్లు పోయాయి. "కంప్యూటర్లు కూడా వీళ్ళవే" అని నాతో అన్నారు, తాడు మీదుగా.

అప్పుడు ఆయన అదృష్టం పండింది. జడ్, ఈ, ఎక్స్, ఓ నాలుగూ చేతికొచ్చాయి. చిరునవ్వుతో పేర్చారు. మావాళ్ళంతా లేచి నిలబడ్డారు, ఆ పదం ఎక్కడ కనబడినా లేచి నిలబడాలని అప్పటికే ఆదేశం ఉంది. టీవీ కెమెరా దగ్గరికొచ్చింది.

"ఛాలెంజ్ సార్" అన్నాడు హబీబు, క్షమించమన్నట్టు.

ఎరుపు.

"మీ పలకలు తీసేసుకోండి సార్" అంది రిఫరీ.

చీఫ్ చెయ్యి బోర్డు దాకా వెళ్ళి ఆగిపోయింది. నాకు ఆయన మనసులో ఏముందో అరటిపండు ఒలిచినట్టు తెలిసిపోయింది. అది పదం కాదు, గవర్నర్ గారు. లైవ్‌లో గవర్నర్ గారిని గడిలోంచి పీకి వెనక్కి తీసుకుంటారా?

"దీని మీద ఒక కమిటీ..." అన్నారు.

"గడియారం నడుస్తోంది సార్."

"పోనీ మాలం గారూ, మీరు తీసెయ్యకూడదూ?"

"పెట్టింది మీరు కదా సార్" అన్నాడు హబీబు మెత్తగానే.

చీఫ్ చుట్టూ చూశారు. ఒక చెయ్యి గుండె మీద వేసుకున్నారు. రెండో చేత్తో టోపీ తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టారు, నలక్కుండా. ఆ తర్వాత స్పృహ తప్పారు. మా రాష్ట్రంలో విచారణ సంఘాల ముందు ఎందరో పెద్దలు స్పృహ తప్పడం చూశాను గానీ, ఇంత శుభ్రంగా, సోఫా ఉన్న వైపుకే చూసుకుని తప్పినవాళ్ళు లేరు. అంబులెన్స్ వచ్చింది.

"రిజర్వ్ ఎవరు?" అంది రిఫరీ. "వచ్చి ఆట కొనసాగించొచ్చు. ముందు ఆ పదం తీసెయ్యాలి."

ఉఫువోమా ఊదారంగు గుడ్డలోనే వచ్చింది. ప్రొఫెసర్ తాడు పట్టుకుని వేలాడుతున్నారు. "చెయ్యి వెయ్యకమ్మా! నీకు దణ్ణం పెడతాను, అది హిజ్ ఎక్సలెన్సీ! నీ ఉద్యోగం పోతుంది! మీ అమ్మ ముసలిది!"

ఆమె హబీబుకి మోకాలు వంచి నమస్కారం చేసింది. కూర్చుంది. జడ్ తీసింది. ఈ తీసింది. సరిగ్గా అప్పుడే మా రాష్ట్ర టీవీలో సాంకేతిక కారణాల వల్ల ప్రసారం ఆగి, చర్చి పాటలు వచ్చాయట. ఎక్స్, ఓ తీయడం మా రాష్ట్రంలో ఎవరూ చూడలేదు.

ఆ తర్వాత తన వంతు రాగానే ఎక్స్, యూ పెట్టింది. హబీబు చూసి, పాయింట్లు రాసుకుని, తన పలకల వైపు తిరిగాడు. అర్థం అడగలేదు. ఆ ఆట ఓడింది, మిగతావన్నీ వరసగా గెలిచింది. చివర్న జాతీయ జట్టు పేర్లు చదివినప్పుడు ఆమె పేరు రెండోది. ఆ పిల్ల నా భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

జాతీయ జట్టులో చేరాలంటే ఈ మనిషి మావాళ్ళే అని సొంత రాష్ట్రం ధ్రువీకరించాలి. మా దేశంలో అది లేనిదే బడిలో చేరలేం, బంట్రోతు ఉద్యోగమూ రాదు. చీఫ్ వైద్యం కోసం విదేశాలకి వెళ్ళారు కాబట్టి తాత్కాలిక కమిషనర్‌గా ప్రొఫెసర్ ఒమొనిగో గారే ఉన్నారు. ఉఫువోమాని గేటు దగ్గరే ఆపేశారు. నేనూ మామా టైటీ లోపలికి వెళ్ళాం.

ప్రొఫెసర్ మమ్మల్ని చాలా గౌరవంగా కూర్చోబెట్టారు. తాగడానికి చల్లటి మాల్ట్ డ్రింకు తెప్పించారు. కళ్ళజోడు పెట్టుకుని అడిగారు. "అమ్మాయి పేరు?"

"మీకు తెలీదా ప్రొఫెసర్? ఉఫువోమా" అంది మామా టైటి.

"తెలుసనుకోండి. కానీ ఇప్పుడు పేర్లు కూడా కమిటీ పరిధిలోకి వచ్చాయి. ఆ పేరుకి అర్థం ఏదైనా ఉందా?"

"ఎందుకు లేదయ్యా?" ఆవిడకి ఒళ్ళు మండింది. "మా ఉర్హోబో భాషలో శాంతి అని."

ప్రొఫెసర్ కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించారు. తర్వాత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, నిజంగా బాధపడుతూ చెప్పారు.

"మన రాష్ట్రంలో అలాంటిదేమీ లేదమ్మా."